టెక్ సందేహాలు: బుల్లి డ్రోన్‌కి ఎన్ని సెల్స్ కట్టాలి?

ఎఫ్‌పీవీ డ్రోన్ల (కెమెరా చూపేది కళ్లకు పెట్టుకున్న గాగుల్స్‌లో చూస్తూ ఎగరేసేవి) బ్యాటరీల మీద కొన్నాళ్లుగా ఉత్తరాలు పేరుకుపోయాయి. దాదాపు అన్నీ ఒకే చోటికి వచ్చి ఆగుతున్నాయి, 1ఎస్ పెట్టాలా, 2ఎస్ పెట్టాలా, 4ఎస్ పెట్టాలా అని. అందుకే వాటన్నిటినీ ఈసారి ఒక్కచోట చేర్చాను. ఎస్ ముందున్న అంకె వరుసగా కలిపిన సెల్స్ లెక్క. వీటిలో వాడే లిపో (లిథియం పాలిమర్) సెల్ ఒక్కోటీ పేరుకు 3.7 ఓల్టులు, నిండుగా చార్జ్ అయితే 4.2.

ప్రశ్న: గుంటూరులో ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. 65 ఎంఎం వూప్ (రెక్కల చుట్టూ రక్షణ వలయాలున్న బుల్లి డ్రోన్) కొన్నాను. మోటార్లు 0802 సైజు, 19500 కేవీ. 1ఎస్ 300 ఎంఏహెచ్ బ్యాటరీలు వాడుతున్నాను. ఇంట్లో బాగానే ఎగురుతోంది కానీ డాబా మీద గాలికి నిలవట్లేదు. థ్రాటిల్ ఒక్కసారిగా ఎత్తితే అప్పుడప్పుడు వీడియో పోతోంది. డ్రోన్ లోపలి సర్క్యూట్ బోర్డు మీద ‘1–2ఎస్’ అని రాసి ఉంది. 2ఎస్ పెడితే రాకెట్‌లా దూసుకుపోతుందని మా రూమ్మేట్ అంటున్నాడు. పెట్టొచ్చా?

పెట్టకండి. రాకెట్‌లా పోతుందన్నది నిజమే, ఎంతసేపు పోతుందన్నదే ప్రశ్న.

మీ నాన్నగారినో తాతగారినో పాత టార్చిలైట్ల గురించి అడగండి. రెండు సెల్స్ లైటు, మూడు సెల్స్ లైటు అని విడివిడిగా ఉండేవి. బల్బు అడుగున చిన్న అక్షరాల్లో రెండు సెల్స్ దానికి 2.5 ఓల్టులనీ, మూడు సెల్స్ దానికి 3.8 అనీ ఉండేది. కొట్లో బల్బు కావాలంటే ‘ఎన్ని సెల్స్ లైటు?’ అని అడిగి గానీ ఇచ్చేవారు కాదు. తెలియక రెండు సెల్స్ బల్బును మూడు సెల్స్ లైటులో బిగిస్తే తెల్లగా ధగధగా వెలిగేది. చూసి మురిసిపోయేలోపే లోపలి తీగ తెగేది. మీ మోటారు ఆ బల్బు. బోర్డు టార్చి డబ్బా. డబ్బాలో ఎన్ని సెల్స్ పడతాయన్నది డబ్బా సంగతి, బల్బు సంగతి కాదు. ‘1–2ఎస్’ అన్న రాత బోర్డు తట్టుకునే ఓల్టేజినే చెబుతుంది. దానికి మోటారు తరఫున మాటిచ్చే హక్కు లేదు.

మోటారు మాట దాని కేవీలో ఉంటుంది. ఇది కిలోవోల్టు కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. రెక్కలు తగిలించకుండా ఒక ఓల్టు ఇస్తే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ అంకె. మీ 19500ను 4.2తో గుణించండి: 81,900 చుట్లు. అదే 2ఎస్ పెడితే 8.4 ఓల్టులు, అంటే 1,63,800. నిజంగా అంత తిరగదు, రెక్కలు గాలిని తోయాలి కదా. ప్రాణం మీదకొచ్చేది కూడా అక్కడే. రెక్కలు తిరగడానికి కావలసిన పవర్, వేగానికి ఘనం లెక్కన పెరుగుతుంది. వేగం రెట్టింపైతే పవర్ ఎనిమిది రెట్లు కావాలి. ఆ వేగాన్ని అందుకోవాలని మోటారు తంటాలు పడుతూ కరెంటు గుంజుతుంది, వైండింగ్ వేడెక్కి ఎనామెల్ కాలుతుంది. ఆ వాసన నాకు బాగా తెలుసు. నేనూ ఒకప్పుడు రూమ్మేట్ మాట విన్నవాణ్నే.

బజారులో దొరికే మోటార్లను ఈ లెక్కలో పెట్టి చూస్తే తయారీదారుల ఆలోచన తెలిసిపోతుంది. 2ఎస్ కోసం చేసే 1103 మోటారు 8000 కేవీ ఉంటుంది, నిండు బ్యాటరీ మీద 67 వేల చుట్లు. మూడు అంగుళాల రెక్కలకు 4ఎస్ మీద వాడే 1404 మోటారు 3800 కేవీ, అది 64 వేల దగ్గర ఆగుతుంది. అయిదు అంగుళాల డ్రోన్లలో 6ఎస్ మీద తిరిగే 2207 మోటారు 1800 కేవీ, అది 45 వేలు. రెక్క పెద్దదయ్యేకొద్దీ చుట్లు తగ్గుతాయి, ఓల్టేజి పెరిగేకొద్దీ కేవీ తగ్గుతుంది. కాబట్టి ఓల్టేజి అన్నది డ్రోన్ కొన్నాక ఎంచుకునే వస్తువు కాదు. మోటారు కొన్న రోజే అది నిర్ణయమైపోయింది. ఇదే సైజు 0802 తక్కువ కేవీలో 2ఎస్ కోసం కూడా చేశారు, మీ దగ్గరున్నది అది కాదు.

ఇక వీడియో పోవడం. మీ అసలు జబ్బు ఇదేనని నా అనుమానం. సెల్స్ పెంచితే కరెంటు తగ్గుతుంది, కాబట్టి నష్టం తగ్గుతుందని మీ రూమ్మేట్ తర్వాతి వాదన ఎలాగూ వస్తుంది. సగమే నిజం. 30 వాట్లు కావాలంటే 1ఎస్ మీద సుమారు 8 ఆంపియర్లు, 2ఎస్ మీద 4 ఆంపియర్లు లాగాలి, సరే. కానీ అదే బరువులో రెండు సెల్స్ పట్టించాలంటే ఒక్కో సెల్ సగం సైజుకు తగ్గిపోవాలి. సెల్ సగమైతే దాని లోపలి నిరోధం రెట్టింపు. అలాంటివి రెండు వరుసగా కలిపితే నాలుగింతలు. కరెంటు సగమైనందువల్ల వచ్చిన లాభాన్ని ఆ నిరోధం తినేస్తుంది, సెల్ లోపల వేడి ఎక్కడిదక్కడే. లాభమంతా సెల్ బయట, వైర్లలో, కనెక్టర్లో.

కనెక్టర్ సంగతి చూడండి మరి. మీ బ్యాటరీకి తెల్ల ప్లాస్టిక్ పీహెచ్2.0 ఉండి ఉంటుంది. జేఎస్‌టీ కంపెనీ ఆ పీహెచ్ రకం కనెక్టర్‌కి ఇచ్చిన రేటింగ్ 2 ఆంపియర్లు. మనం దాంట్లోంచి ఎనిమిది లాగుతున్నాం! బ్యాటరీ, కనెక్టర్, వైరు అన్నీ కలిపి 50 మిల్లీఓమ్‌ల నిరోధం ఉందనుకుంటే 8 ఆంపియర్లకు 0.4 ఓల్టు అక్కడే పోతుంది. సగం ఖాళీ అయిన బ్యాటరీ 3.7 నుంచి 3.3కి జారుతుంది. కనెక్టర్ వదులైతే ఇంకా కిందికి పోతుంది, వీడియో ట్రాన్స్‌మిటర్ కళ్లు మూస్తుంది. అందుకని ఇంతకన్నా ఎక్కువ కరెంటు తట్టుకునే బీటీ2.0 కనెక్టర్ గానీ ఏ30 గానీ కొని డ్రోన్ వైపు మార్పించుకోండి. కొత్త బ్యాటరీలూ, చార్జర్ పోర్టూ అదే రకంవి తీసుకోవాలి. ఎరుపు, నలుపు వైర్లు ఏ వైపు వస్తున్నాయో టంకం వేసేముందు రెండుసార్లు చూసుకోండి. మోటార్లు కాల్చుకోవడం కన్నా ఇది చాలా చవక.

ఇంత చేసినా డాబా గాలికి మీ వూప్ నిలబడదు. బ్యాటరీతో కలిపి 30 గ్రాముల వస్తువది, గాలితో పోట్లాడలేదు. అది హాల్లో కుర్చీల కాళ్ల మధ్య దూరడానికి పుట్టింది. బయటే ఎగరేయాలనుకుంటే 75 నుంచి 85 ఎంఎం మధ్య 2ఎస్ కోసమే చేసిన డ్రోన్ చూడండి. నన్నడిగితే మాత్రం ఇంకో ఆరు నెలలు 1ఎస్ మీదే చెయ్యి తిరగనివ్వండి. గోడకు గుద్దుకున్నా లేచి ఎగిరేది అదొక్కటే.

ప్రశ్న: మాది కరీంనగర్. నా 1ఎస్ డ్రోన్‌కి హెచ్‌వీ (హై ఓల్టేజి) బ్యాటరీ నిండా చార్జ్ చేసి పెట్టగానే బీప్‌లు మొదలవుతున్నాయి. గాగుల్స్‌లో ‘ల్యాండ్ నౌ’ అని వస్తోంది. ఇంకా గాల్లోకి లేవనేలేదు! కాసేపు వాడిన బ్యాటరీ పెడితే ఏ గొడవా లేదు. బ్యాటరీ పోయిందా?

బ్యాటరీ భేషుగ్గా ఉంది. డ్రోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ బీటాఫ్లైట్‌కి లెక్క తప్పింది. హెచ్‌వీ సెల్ నిండితే 4.35 ఓల్టులుంటుంది. బీటాఫ్లైట్‌లో మామూలుగా ఉండే గరిష్ఠ సెల్ ఓల్టేజి 4.3. బ్యాటరీ పెట్టగానే అది 4.35 చూసి, ఒక సెల్‌కి ఇంత ఉండదు కాబట్టి ఇవి రెండు సెల్స్ అని తీర్మానించుకుంటుంది. అంటే సెల్‌కి 2.17 అన్నమాట, చచ్చిన బ్యాటరీ లెక్క. అందుకే ఆ గోల. సగం వాడిన బ్యాటరీ 4.3 లోపే ఉంటుంది కనుక నోరెత్తదు.

బీటాఫ్లైట్ సెట్టింగ్స్ మార్చే కాన్ఫిగరేటర్‌లో పవర్ అండ్ బ్యాటరీ ట్యాబ్ తెరిచి మాగ్జిమమ్ సెల్ ఓల్టేజిని 4.4 చేసి సేవ్ చేయండి, చాలు. పక్కనే ఉండే 3.5 హెచ్చరిక, 3.3 కనిష్ఠం మాత్రం కదపకండి. ఇంకో మాట. చార్జర్‌లో హెచ్‌వీ స్విచ్ పెట్టి మామూలు లిపోలు ఎక్కిస్తున్నారేమో చూసుకోండి. వాటికి 4.2 దాటడమంటే ఆయుష్షు తగ్గించుకోవడమే, ఒక్కోసారి నిప్పుతో చెలగాటం కూడా.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం. నాది 3 అంగుళాల డ్రోన్, 1404 మోటార్లు, 3800 కేవీ, 4ఎస్ 650 ఎంఏహెచ్ బ్యాటరీ. ఇప్పుడందరూ 6ఎస్‌కి మారుతున్నారంటున్నారు. మారాలా? తమ్ముడి దగ్గర 3ఎస్ బ్యాటరీలున్నాయి, అవి పనికొస్తాయా?

ఆ ‘అందరూ’ అయిదు అంగుళాల వాళ్లు. వాళ్ల డ్రోన్లు ఫుల్ థ్రాటిల్‌లో వంద ఆంపియర్లు సునాయాసంగా దాటేస్తాయి, అక్కడ కరెంటు తగ్గించడానికి ఓల్టేజి పెంచడంలో అర్థముంది. 4ఎస్ 1500 ఎంఏహెచ్‌లోనూ, 6ఎస్ 1000 ఎంఏహెచ్‌లోనూ ఉన్న శక్తి ఒక్కటే, 22.2 వాట్ అవర్లు. మీ 650 బ్యాటరీలో ఉన్నది 9.6. అదే శక్తి 6ఎస్‌లో కావాలంటే 430 ఎంఏహెచ్ సెల్స్ ఆరు కట్టాలి. చిన్న సెల్స్ ఆరు కడితే తొడుగులూ, పలకలూ, వైర్లూ పెరిగి శక్తి పెరక్కుండా బరువు పెరుగుతుంది. పైగా మోటార్లు మార్చాలి. అన్నిటికన్నా ముందు బోర్డుకి టంకం వేసిన కెపాసిటర్ చూడండి. 4ఎస్ డ్రోన్లలో 25 ఓల్టులది వేసి ఉండొచ్చు. నిండు 6ఎస్ బ్యాటరీ 25.2. టపాకాయ దీపావళిదాకా ఆగదు.

3ఎస్ మాత్రం హాయిగా పెట్టుకోండి. వేగం నాలుగింట మూడొంతులకు తగ్గుతుంది, గాల్లో నిలబడడానికే థ్రాటిల్ కొంచెం ఎక్కువ ఎత్తాలి, దాన్నిబట్టి చేతిని సర్దుకోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ నెమ్మదితనమే వరం. బీటాఫ్లైట్‌లో సెల్స్ సంఖ్యను బట్టి సెట్టింగ్స్ ప్రొఫైల్ దానంతటదే మారే సదుపాయం ఉంది, 3ఎస్‌కి ఒకటి, 4ఎస్‌కి ఒకటి పెట్టుకోండి.

బరువు మాటొచ్చింది కాబట్టి, 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల దాకానే నానో, అంటే అన్నిటికన్నా చిన్న తరగతి. ఆ లెక్కలో బ్యాటరీ కూడా ఉంటుంది. కెమెరా తగిలించి, బ్యాటరీ కట్టి వంటింటి కాటా మీద పెట్టి చూడండి. 850 ఎంఏహెచ్‌కి మారడం వల్ల మాత్రమే గీత దాటే డ్రోన్లున్నాయి.

ప్రశ్న: డాలస్ నుంచి సంక్రాంతికి వస్తూ మేనల్లుడికి డ్రోన్, బ్యాటరీలు తేవాలనుకుంటున్నాను. విమానంలో తేవచ్చా?

డ్రోన్ వద్దు. తయారైన డ్రోన్లనూ, విడదీసిన కిట్లనూ విదేశాల నుంచి దిగుమతి చేసుకోవడాన్ని 2022 ఫిబ్రవరి 9న కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ నిషేధించింది. కస్టమ్స్ దగ్గర పండగ పాడవుతుంది. విడి బ్యాటరీలు మాత్రం చేతి సంచీలోనే పెట్టుకోవాలి, చెకిన్ సామానులో కుదరదు. వంద వాట్ అవర్ల పరిమితికి ఇవి చాలా దూరం. కనెక్టర్ల మీద టేపు వేసి, 3.8 ఓల్టుల దగ్గర ఉంచి, ఎన్ని అనుమతిస్తారో మీ విమాన సంస్థను ముందే అడగండి.

ప్రశ్న: మాది నిజామాబాద్. మావాడు డ్రోన్ బ్యాటరీలు నిండా చార్జ్ పెట్టి బీరువాలో దాస్తాడు. పరీక్షలని రెండు నెలలు ముట్టుకోలేదు. ఇప్పుడు చూస్తే రెండు చిన్న బ్యాటరీలు అప్పడాల్లా ఉబ్బాయి. భయంగా ఉంది. ఏం చేయమంటారు?

అమ్మా, భయపడడంలో తప్పులేదు. ముందు ఆ రెంటినీ బీరువాలోంచి తీసి బయట, ఇసుక పోసిన మట్టికుండలోనో రేకు డబ్బాలోనో పెట్టండి. గాలి తీద్దామని సూదితో గుచ్చొద్దు, నొక్కొద్దు, మళ్లీ చార్జ్ పెట్టనివ్వొద్దు. ఉబ్బినది ఇక తగ్గదు.

లిపోను నిండుగా ఉంచి నెలల తరబడి వదిలేస్తే, అందులోనూ మన ఎండల్లో, లోపలి ద్రవం చెడి వాయువు పుడుతుంది. అలాగని పూర్తిగా ఖాళీగా ఉంచకూడదు, సెల్ 3 ఓల్టుల కిందికి దిగితే అదీ ప్రమాదమే. రెండు మూడు రోజులకు మించి వాడననుకుంటే చార్జర్‌లో ‘స్టోరేజ్’ నొక్కమనండి, సెల్‌కి 3.8 నుంచి 3.85 దగ్గర ఆపుతుంది. మీవాడు చార్జింగ్ పెట్టి నిద్రపోయే రకమైతే మాత్రం ఆ అలవాటు ఈ రోజే మాన్పించండి.

పాడైన ఆ రెండూ అలాగే చెత్తబుట్టలో వేయకండి, చెత్తబండిలో నలిగితే అంటుకుంటాయి. అవి 1ఎస్‌వే అయితే 3.8 ఓల్టుల టార్చి బల్బు ఒకటి వైర్లతో తగిలించి ఆరుబయట వదిలేయమనండి. అది 0.3 ఆంపియర్లు తింటుంది కాబట్టి 300 ఎంఏహెచ్ సెల్ గంట సుమారుగా ఖాళీ అవుతుంది. బల్బు పూర్తిగా ఆరిపోయాక కూడా ఒక రాత్రి అలాగే ఉంచి, తర్వాత ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. బల్బు కొట్లో ‘ఎన్ని సెల్స్ లైటు?’ అని అడిగితే మూడు సెల్స్‌దని చెప్పండి.