టెక్ సందేహాలు: మ్యాప్‌లో నీళ్లున్నాయి, పడవ కదలదు

ప్రశ్న: సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ త్రీడీ లోకంలో సాన్సారా ఖండం తీరం నుంచి పడవలో బయల్దేరితే, కొంతదూరం పోయాక గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతోంది. ఎదురుగా సముద్రం కనిపిస్తూనే ఉంది. నెట్ సమస్యా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: నెట్‌ను తిట్టుకోకండి, అక్కడ సముద్రమే లేదు. ఈ లోకమంతా 256 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న రీజియన్లను పక్కపక్కన పేర్చి కట్టింది. రీజియన్ లేనిచోట నడిపే సర్వరూ ఉండదు. అయినా చూపుకు బాగుండాలని వ్యూయర్ (మీ కంప్యూటర్‌లో ఈ లోకాన్ని చూపే ప్రోగ్రాం) దిగంతం దాకా నీళ్లు గీసేస్తుంది. కంట్రోల్+ఎం నొక్కి మ్యాప్ తెరిచి, గళ్లలో పేర్లు కనిపించేదాకా జూమ్ చేయండి. పేరున్న నీలం గడిలోకి పడవ పోతుంది, పేరు లేనిది ఖాళీ. దారి పొడవునా పేర్లు తెగకుండా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

పేరున్న గడి అంచున కూడా ఆగితే కారణం వేరు. గీత దాటగానే మిమ్మల్నీ, పడవనీ, ఒంటిమీది స్క్రిప్టులన్నిటినీ (వస్తువులను ఆడించే చిన్న ప్రోగ్రాములు) ఒక సర్వర్ ఇంకోదానికి అప్పగించాలి. నాలుగు రీజియన్లు కలిసే మూల మీదుగా పోతే వెంటవెంటనే రెండు అప్పగింతలు పడతాయి. సీటులోంచి ఊడిపడేది ఎక్కువగా అక్కడే. మూల వదిలేసి, వేగం తగ్గించి, నిటారుగా దాటండి. స్క్రిప్టులున్న నగలు, హెచ్‌యూడీలు (తెర మీద కనిపించే బటన్ల పలకలు) ముందే తీసేయండి. డ్రా డిస్టెన్స్ (ఎంత దూరం దాకా దృశ్యం గీయాలనే సెట్టింగ్) కూడా తగ్గించండి. ఎర్ర గీతలు కనిపిస్తే అది స్థలం యజమాని పెట్టిన అడ్డు. అవతలి స్థలంలో వస్తువుల కోటా నిండినా వాహనాన్ని రానివ్వదు. దీన్ని చాలామంది లాగ్ అనుకుని కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తుంటారు!

ప్రశ్న: సెకండ్ లైఫ్ మెయిన్‌ల్యాండ్‌లో (దాన్ని నడిపే లిండెన్ ల్యాబ్ కంపెనీ ఖండాల్లో) నీళ్లలో మునిగిన 1024 చదరపు మీటర్ల స్థలం చవగ్గా వస్తోంది. మెరక చేసి ఇల్లు కట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మన లెక్కలో పాతిక సెంట్లు. బేరం బాగానే ఉంది గానీ లోతు చూశారా? మెయిన్‌ల్యాండ్‌లో నీటిమట్టం 20 మీటర్లు. చాలాచోట్ల నేలను మొదటి మట్టం నుంచి 4 మీటర్లే పైకి లేపనిస్తారు, కిందికీ అంతే. కాబట్టి అడుగు 16 కన్నా కిందుంటే ఎంత లేపినా మునిగే ఉంటుంది. నేల మీద నిలబడి, పైన అడ్రస్ బార్‌లో చివరి సంఖ్య చూడండి. అది మీ అవతార్ నడుము ఎత్తు, సుమారు ఒక మీటరు తీసేస్తే నేల మట్టం వస్తుంది. సంఖ్యలు కనపడకపోతే ఆ బార్ మీద రైట్‌క్లిక్ చేసి కోఆర్డినేట్లు ఆన్ చేయండి. పాత యజమాని ఇప్పటికే మెరక చేసి ఉంటే మీకు మిగిలేది ఇంకా తక్కువ.

లోతెక్కువైతే స్తంభాల మీద ఇల్లు వేసుకోండి, వస్తువుల కోటా 351 యూనిట్లు (పెద్ద వస్తువు ఒక్కటే చాలా యూనిట్లు తినొచ్చు). అయితే ముందు పక్క స్థలం ఎవరిదో ‘అబౌట్ ల్యాండ్’లో చూడండి. యజమానిగా గవర్నర్ లిండెన్ (కంపెనీ సొంత ఖాతా) పేరు, ‘ప్రొటెక్టెడ్ ల్యాండ్’ అని ఉంటే ఆ వైపు నిశ్చింత. వేరేవాళ్లదైతే రేపు మీ కిటికీకి ఎదురుగా పెద్ద హోర్డింగ్ లేచినా అడ్డుకునే నియమం చాలాచోట్ల లేదు. ఈ తలనొప్పి వద్దనుకుంటే 2019లో తెరిచిన బెల్లిసేరియా ఖండం చూడండి. ప్రీమియం సభ్యులకు అక్కడ కట్టిన ఇల్లే ఇస్తారు. నేలను మాత్రం మార్చనివ్వరు.