ఐప్యాడా, శాంసంగా? ముందు ఖాతాలో ఉన్న 11 వేల సంగతి చూద్దాం

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపులో అకౌంట్లు రాస్తాను. జీతం 32 వేలు, ఇంటి ఖర్చు 26 వేలు. ఇంటర్ చదివే అమ్మాయి వీడియో పాఠాలకు, ఇంట్లో అందరం వాడుకోవడానికి ట్యాబ్ కొనాలి. బీసెంట్ రోడ్డు షాపులో ఐప్యాడ్ 34,900, శాంసంగ్ ట్యాబ్ ఏ9 ప్లస్ 19 వేలు చెప్పారు. ఐప్యాడ్‌కు నగదు ఇస్తే 2 వేలు తగ్గిస్తారట. ఫ్రెండ్ క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉంది. బ్యాంకులో 11 వేలున్నాయి. బుడమేరు వరదలప్పుడు బంగారం పెట్టి తెచ్చిన 80 వేలు ఇంకా తీరలేదు. ఏది కొనమంటారు?

జవాబు: శాంసంగ్ కొనండి. ఈ నెల కాదు, కార్డు మీద అసలే కాదు.

రెంటి తెరా దాదాపు 11 అంగుళాలే. పాఠాలు వినడానికి, పీడీఎఫ్‌లు చదవడానికి అది చాలు. శాంసంగ్‌లో మెమరీ కార్డు వేసుకోవచ్చు, ఐప్యాడ్‌లో ఆ వీలు లేదు, తెర మీద రాసే పెన్సిల్ కూడా విడిగా కొనాలి. ఐప్యాడ్ ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది, అమ్మితే మంచి ధరే వస్తుంది, కాదనను. కానీ షాపు లెక్కలు ఇంటి దగ్గర చూసుకుందామనే ఆశ ఉంటే మానుకోండి. అకౌంట్లు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ నేరుగా ఈ రెంటిలో దేనిలోనూ ఎక్కదు.

ఇక ఆ నో కాస్ట్ సంగతి. సున్నా వడ్డీ అనేదే లేదని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. 16 శాతం వడ్డీ అనుకుందాం. 34,900లో దాదాపు 2,850 వడ్డీ. దాన్ని షాపువాడు ముందే ధరలో తగ్గిస్తాడు, బ్యాంకు ఈఎంఐలో వడ్డీగా మీ చేతే కట్టిస్తుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీరే భరించాలి, 510 పైన. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకున్నా పన్నుతో 235. వదులుకున్న నగదు తగ్గింపు 2 వేలు. మొత్తం 2,750 దాకా తేలింది. ఒక్క నెల తప్పితే లేటు ఫీజు, నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ, పైగా అప్పులు సరిగా కడుతున్నాడో లేదో చూపే మీ ఫ్రెండ్ సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. చనువు కొద్దీ కార్డు ఇచ్చినవాడికి ఇదా బహుమానం? ఇలాంటి ఉత్తరాలు ప్రతి నెలా వస్తున్నాయి, అన్నిటిలోనూ 'వడ్డీ లేదు కదండీ' అనే మాటే.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ 80 వేలు. 2024 సెప్టెంబర్‌లో ఇంట్లో నీళ్లు నిలిచాయి. బైకు, ఫ్రిజ్, మంచాలు పోతే చేతిలో డబ్బు లేక గాజులు తాకట్టుకు వెళ్లాయి. అవి ఇంకా అక్కడే ఉన్నాయి, ఖాతాలో మాత్రం 11 వేలు, అంటే పదమూడు రోజుల ఖర్చు. రేపు షాపు ఓనరు జీతం పది రోజులు ఆలస్యం చేసినా మళ్లీ ఏ నగో తాకట్టుకు వెళ్లాల్సిందే. ఐప్యాడ్ కొంటే ఆ పని ఇంకాస్త త్వరగా జరుగుతుంది, అంతే.

నెలకు మీకు 6 వేలు మిగులుతోంది. గోల్డ్ లోన్ వడ్డీ 12 శాతం అనుకుంటే నెలకు 800. ఏడాది చివర ఒకేసారి చూసుకుందామని వదిలేయకుండా నెలనెలా కట్టేయండి. మిగిలిన 5,200 మూడు నెలలు కదపకుండా ఉంచితే ఖాతా 26 వేలు దాటుతుంది, అంటే ఒక నెల ఖర్చు చేతిలో ఉన్నట్టు. ఏటీఎం కార్డు లేని వేరే ఖాతా అయితే మేలు. ఆ తర్వాత నాలుగు నెలల మిగులుతో ట్యాబ్. అది అయ్యాక మళ్లీ అత్యవసర నిధికే, ఆరు నెలల ఖర్చు 1,56,000 చేరేదాకా. మధ్యలో బోనస్ వస్తే సగం గాజులకు.

ఈలోగా అమ్మాయి పాఠాలకు ఫోన్‌ను టీవీకి కలపండి, తెర ఏ ట్యాబ్ కన్నా పెద్దదే.

మీ జీతం 21 వేలు దాటింది కాబట్టి ఈఎస్ఐ వైద్యం వర్తించదు. ఆరోగ్య బీమా లేకపోతే ఇంటిల్లిపాదికీ ఒకే పాలసీగా ఉండే ఫ్యామిలీ ఫ్లోటర్ చూడండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ ప్రీమియం మీద జీఎస్టీ లేదు.

కొనే రోజు నగదు ధర అడగండి. ట్యాబ్ కవరు, పైన గ్లాసు ఊరికే వేయమనండి, బీసెంట్ రోడ్డులో అడిగితే వేస్తారు.