వేడెక్కుతున్న గడ్డి చుట్టలు: ముందు కుప్ప విప్పండి

ప్రశ్న: వరి మిషన్‌తో కోయించాక వాన పడింది. రెండు రోజులు ఆరనిచ్చి, బేలర్‌తో చుట్టలు కట్టించి, గేదెల పాక పక్క షెడ్డులో పేర్చాం. పన్నెండు రోజులైంది. మధ్యలో చెయ్యి పెడితే వేడిగా ఉంది, కొన్ని చుట్టల్లో తెల్లగా బూజు కనిపిస్తోంది. రెండు గేదెలు మేత సరిగా తినడం లేదు, పాలు తగ్గాయి. కాల్షియం లోపం అనుకుని టానిక్ తాగిస్తున్నాం. మందుల షాపులో గడ్డి మీద చల్లడానికి యాసిడ్, దాణాలో కలపడానికి టాక్సిన్ బైండర్ (బూజు విషాన్ని పట్టేసే పొడి) ఇచ్చారు. ఉప్పు చల్లితే చాలని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయాలి? – ఒక పాడి రైతు, కృష్ణా జిల్లా

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది కాల్షియం లోపంలా లేదు. ఈనిన కొత్తలో లేవలేక పడిపోయే గేదె సంగతి వేరు. మీ గేదెలు బూజు గడ్డి తిని ఉంటాయి, అందుకే మేత మానేస్తూ ఉండవచ్చు. టానిక్ ఆపి, ఆ గడ్డి వేయడం ఈ పూటే మానేయండి. పచ్చిమేత, జొన్నచొప్ప, ఏది దొరికితే అది పెట్టండి.

గేదెలకంటే ముందు షెడ్డు గురించి భయపడాలి. నిల్వ చేసే గడ్డిలో తేమ 15 శాతం మించకూడదు. 20 దాటితే సూక్ష్మజీవులు పెరిగి లోపల వేడి పుడుతుంది. ఒక ఇనుప ఊచను కుప్ప నడిమికి గుచ్చి అరగంట ఉంచి తీయండి. పట్టుకోలేనంత కాలితే లోపల 55 డిగ్రీలు దాటినట్టే. 65 దాటితే ప్రమాదం, 80కి చేరితే దానంతట అదే అంటుకోవచ్చు. కట్టిన మొదటి ఆరు వారాలూ ఈ ముప్పు ఉంటుంది. మాడిన వాసనో, పొగో వస్తే మీరు కుప్ప ముట్టుకోవద్దు, గాలి తగలగానే మంట లేస్తుంది. గేదెలను దూరంగా కట్టేసి 101కి ఫోన్ చేయండి. పొగ లేకపోతే, నీళ్లు దగ్గర పెట్టుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పైనుంచి ఒక్కో వరుసా దింపి, చుట్టలు విప్పి ఎండలో పలచగా పరవండి. కుప్ప పైకెక్కి నడవకండి. లోపల కాలి గుల్లయిన చోట మనిషి దిగబడిపోతాడు.

యాసిడ్ సంగతి. గడ్డికి బూజు పట్టకుండా వాడే ప్రొపియోనిక్ యాసిడ్ పనిచేసే మందే. కానీ 20–25 శాతం తేమ ఉన్న గడ్డికి, చుట్ట కట్టే సమయంలోనే, గడ్డి బరువులో సుమారు 1 శాతం చొప్పున ప్రతి పోచకూ తగిలేలా పడాలి. పేర్చి, వేడెక్కాక పైన చల్లితే లోపలికి పోదు. అది అమ్మినవారు మీ గడ్డిలో తేమ ఎంతో అడిగారా? అడగకుండా ఇచ్చిన మందుకు డబ్బు తగలేయకండి. బైండర్ కూడా అంతే: మట్టి ఆధారిత బైండర్లు అఫ్లాటాక్సిన్ అనే బూజు విషాన్ని బాగానే పట్టుకుంటాయి గానీ, వరిగడ్డి మీద వచ్చే ఫ్యుజేరియం అనే ఇంకో రకం బూజు విషాలను అంతగా పట్టుకోలేవు. బైండర్ వేస్తున్నాం కదా అని బూజు గడ్డి మేపడం పశువుకు ద్రోహం. ఉప్పు కొద్దిపాటి తేమ ఉన్నప్పుడు కాస్త సాయపడుతుంది, తడిసిన గడ్డిని కాపాడలేదు.

విప్పాక గడ్డిని వేరు చేయండి. బూజు పట్టింది, నల్లబడింది, ముక్కిన వాసన వచ్చేది ఎరువు గుంటలోకే. ఎండబెడితే బూజు రాలుతుంది, విషం పోదు. పశువుల కింద పరుపుగా కూడా వేయొద్దు, తింటాయి.

బూజు లేకుండా తడిగా మాత్రమే ఉన్న గడ్డిని, ఎండ లేకపోతే, యూరియాతో మాగబెట్టవచ్చు. ఎండుగడ్డికి లెక్క 100 కిలోలకు 4 కిలోల యూరియా, 50–60 లీటర్ల నీళ్లు. మీది 30 శాతం తేమ ఉన్న గడ్డి అనుకుంటే 100 కిలోలకు 3 కిలోల యూరియా, కరగడానికి 15 లీటర్ల నీళ్లు చాలు. పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు కదపకండి. అందులో పుట్టే అమ్మోనియా బూజును అణచివేస్తుంది. తీసిన గడ్డిని పూటంతా ఆరబెట్టి, కొద్దికొద్దిగా వారం రోజుల్లో అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. యూరియా నీళ్ల బకెట్ పశువుకు అందితే ప్రాణాలు పోతాయి, దగ్గరుండి చూసుకోండి. వేరుశనగ కట్టె, లూసర్న్ లాంటి మంచి మేతకు ఈ పద్ధతి వాడకూడదు. వాటిలోని చక్కెరలతో అమ్మోనియా కలిసి పశువుకు పిచ్చెక్కించే పదార్థం తయారవుతుంది.

వచ్చే పంటకు ఒక్క పని అలవాటు చేసుకోండి, తేమ చూడకుండా బేలర్‌ను చేలోకి రానీయకండి. కొలవడం కష్టమేమీ కాదు. పనలో నడుమ నుంచి తీసిన 100 గ్రాముల గడ్డిని ముక్కలు చేసి, పెనం మీద సన్నని సెగన, మాడకుండా, బరువు ఇక తగ్గని దాకా ఆరబెట్టండి. 85 గ్రాములు మిగిలితే 15 శాతం తేమ, కట్టించుకోవచ్చు. 75 మిగిలితే ఇంకో రోజు తిరగేయండి. బేలర్ అద్దె గంటకు ఇంత అని తొందరపెట్టే యజమాని మాట వినొద్దు, పోయేది మీ మేత. మంచు ఆరాక, పదకొండు గంటల తర్వాతే కట్టించండి. నేల మీద కాక చెక్కల మీద, వరుసల మధ్య ఖాళీ వదిలి పేర్చండి. కొత్త చుట్టల మీద పట్టా బిగించి కప్పితే లోపలి ఆవిరి బయటికి పోదు.

గేదెల చెవి కొనలు, తోక చివర, గిట్టల పైభాగం రోజూ తడిమి చూడండి. వాపు, చల్లదనం, నల్లబడటం కనిపిస్తే అది బూజు గడ్డి వల్ల వచ్చే డెగ్నాలా జబ్బు కావచ్చు. టానిక్ కొనకుండా 1962కు ఫోన్ చేసి పశువైద్యుణ్ని పిలిపించండి.