వీసా సంగతి తర్వాత, ముందు క్యాలెండర్ తీయండి

నల్లగొండలో ఉంటూ హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నారు. జీతం నెలకు లక్షన్నర. అదే ఉద్యోగం చేసుకుంటూ ఏడాది పాటు విదేశంలో ఉండాలని ఉంది. ఏ దేశం వీసా మేలు, పన్ను ఎక్కడ కట్టాలి అన్నది మీ ప్రశ్న. నాది మహబూబ్‌నగర్. 2023లో ఇలాగే దుబాయి వెళ్లి అక్కడి నుంచి పని చేసి వచ్చాను కాబట్టి నాలుగు మాటలు చెబుతాను. మీరు అడిగిన వరుసలో మాత్రం చెప్పను, ఎందుకంటే ఆ వరుసే తప్పు. దేశాన్ని ఎంచుకోవడం ఆఖరి పని. అందరూ దానితోనే మొదలుపెట్టి, సముద్రం ఒడ్డున ల్యాప్‌టాప్ పెట్టుకున్న ఫొటోలు చూసి తబ్బిబ్బవుతారు.

నేనూ వీసా కాగితాలన్నీ ఫైలులో సర్దుకుని మా ఆడిటర్ సారు దగ్గరికి వెళ్లాను. నాన్న వెంట వచ్చారు. క్లాక్ టవర్ దగ్గర మేడ మీద గది. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లంతా వేరుశనగ వ్యాపారులు, బట్టల దుకాణాల వాళ్లు, రైస్ మిల్లుల వాళ్లు. దుబాయి వీసా సంగతి ఈయనకు ఏం తెలుస్తుందిలే అనుకుంటూనే కూర్చున్నాను. ఆయన నా ఫైలు తెరవనే లేదు. ‘ఎప్పుడు బయలుదేరుతున్నావమ్మా?’ అని అడిగారు. దసరా చూసుకుని వెళ్తానన్నాను.

ఆయన లేచి గోడ మీది క్యాలెండర్‌ను మేకు నుంచి తీసి బల్ల మీద పరిచారు. ఏదో ఎరువుల దుకాణం వాళ్లు పంచినది. పైన లక్ష్మీదేవి, కింద తిథులు, అంచున పాల లెక్క. ఏప్రిల్ నుంచి ఒక్కో కాగితం తిప్పుతూ నెలాఖరు గడిలో పెన్సిల్‌తో అంకె వేసుకుంటూ పోయారు. 30, 61, 91, 122, 153. సెప్టెంబరుకు వచ్చేసరికి 28వ తేదీ దగ్గర ఆగి, 181 అని రాసి సున్నా చుట్టారు. ‘మర్నాడు కూడా ఇక్కడే నిద్ర లేచావంటే 182. ఈ ఆర్థిక సంవత్సరానికి నువ్వు భారత నివాసివే. దుబాయిలో సంపాదించేదానికీ ఇక్కడే పన్ను’ అన్నారు. బయలుదేరే రోజును కూడా లెక్కలోనే వేసుకోమన్నారు. తర్వాత అక్టోబరు కాగితం తిప్పి 14వ తేదీ అమావాస్య మీద పెన్సిల్ పెట్టి, ‘ఎంగిలిపూల బతుకమ్మ ఇక్కడుంది’ అంటూ నాన్న వైపు చూశారు. ‘పండుగకు కూడా పన్నా సార్?’ అన్నారు నాన్న. అమ్మకు ఎలా చెప్పాలా అని నేను ఆలోచిస్తున్నాను.

ఆయన అక్కడితో ఆగలేదు. ‘ఉద్యోగం కోసం వెళ్తున్నావా, ఉద్యోగాన్ని వెంటబెట్టుకుని వెళ్తున్నావా?’ అని అడిగారు. అప్పటిదాకా ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఎన్నో వీడియోలు చూశాను, వాటిలోనూ వినలేదు. చట్టంలో 182 రోజుల వెసులుబాటు విదేశంలో ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లే పౌరులకు ఇచ్చింది. అది వర్తించకపోతే మామూలు నిబంధనే: ఆ ఏడాది 60 రోజులు, అంతకు ముందు నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు ఇక్కడ ఉంటే నివాసి కింద లెక్క. మనబోటివాళ్లకు ఆ 60 రోజులు మే నెలాఖరుకే పూర్తవుతాయి. అంటే ఇక్కడి ఉద్యోగాన్నే ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని వెళ్లేవాణ్ని అధికారి ‘నువ్వు ఉద్యోగం కోసం వెళ్లలేదు, ఊరు మార్చావంతే’ అంటే వాదించుకోవాల్సి వస్తుంది. నాది విదేశీ సంస్థలో ఉద్యోగం. అందుకని ఉద్యోగ ఒప్పందానికి అనుబంధంగా, పని చేసే చోటు దుబాయి అని తేదీతో సహా రాయించుకోమన్నారు ఆడిటర్. ఆ ఒక్క వాక్యం రాయడానికి మా సంస్థవాళ్లు ఆగస్టు దాకా సాగదీశారు. ఒకరు న్యాయ విభాగాన్ని అడగమంటారు, న్యాయ విభాగం తిరిగి వాళ్లనే అడగమంటుంది. వీసా కోసం నేను పడిన తిప్పలు దీని ముందు ఏపాటి.

సెప్టెంబరు మొదట్లోనే శంషాబాద్‌లో విమానం ఎక్కాను. బతుకమ్మకు ముందే కూతుర్ని ప్రభుత్వం వెళ్లగొట్టిందని అమ్మ చుట్టాలందరికీ చెప్పుకొంది. సద్దుల నాడు వీడియో కాల్‌లో తంగేడు పూలను ఎంత దగ్గరగా చూపించిందంటే పసుపు రంగు తప్ప నాకేమీ కనిపించలేదు. ‘చూడు, పన్ను కట్టకుండా చూడు’ అంది. అయినా ఆ నిర్ణయం సరైనదనే ఇప్పటికీ అంటాను. ఏప్రిల్ నుంచి బయలుదేరేదాకా తీసుకున్న జీతానికి ఇక్కడ పన్ను కట్టాను. తర్వాతి జీతం అక్కడ చేసిన పనికి అక్కడి బ్యాంకులోనే పడింది, దానికి ఇక్కడ పన్ను లేదు. అక్కడ వ్యక్తుల జీతం మీద ఆదాయపు పన్నే లేదు.

‘అక్కడి బ్యాంకులోనే’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. జీతం మొట్టమొదట ఎక్కడ చేతికందింది అన్నది ముఖ్యం. నేరుగా ఇక్కడి ఖాతాలో జమైతే, మీరు ప్రవాసి అయినా అది భారతదేశంలో అందుకున్న ఆదాయమే. ముందు అక్కడి ఖాతాలో వేయించుకుని, ఆ తర్వాత ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు, అంటే ప్రవాసులు విదేశీ సంపాదన దాచుకునే ఇక్కడి ఖాతాకు పంపుకోవాలి. ఇక్కడున్న మామూలు పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా, అంటే ప్రవాసుల ఇక్కడి ఆదాయం పడే ఖాతాగా మార్చుకోవాలి. మా ఊరి శాఖలో ఈ పని అడిగితే ‘మేనేజర్ సెలవులో ఉన్నారు, వచ్చే వారం రండి’ అన్నారు. ఆ వచ్చే వారం చాలాసార్లు వచ్చింది.

ఇక మీ విషయం. మీది హైదరాబాద్ కంపెనీ, జీతం పడేది ఇక్కడి ఖాతాలో, పన్ను కోసి చేతికిచ్చేదీ వాళ్లే. ఆ ఏర్పాటు మారనంత కాలం మీరు చంద్రమండలంలో కూర్చున్నా ఇక్కడి పన్ను తప్పదు. పైగా 2020-21 నుంచి ఇంకో నిబంధన ఉంది. విదేశీ ఆదాయం కాకుండా మిగతా ఆదాయం 15 లక్షలు దాటిన పౌరుడు మరే దేశంలోనూ పన్ను పరిధిలోకి రాకపోతే ఇక్కడి నివాసిగానే పరిగణిస్తారు. మీ జీతం ఏడాదికి 18 లక్షలు. ‘పన్ను లేని దేశానికి వెళ్తే పన్నే ఉండదు’ అని వీడియోల్లో అరిచే పెద్దమనుషులు ఈ మాట ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. చెబితే వాళ్ల శిక్షణ తరగతులకు డబ్బు కట్టేదెవరు? 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చినా ఈ రోజుల లెక్క మాత్రం అలాగే ఉంది.

దేశాల సంగతి కూడా చెప్పమంటారా? మీ జీతమే సగం నిర్ణయించేసింది. బయటి ఉద్యోగం చేసుకుంటూ ఉండేవాళ్లకిచ్చే వీసాకు దుబాయిలో నెలకు 3,500 డాలర్ల జీతం చూపాలి. పోర్చుగల్‌లో అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్లు కావాలి. 2025లో కనీస వేతనం 870 యూరోలు, అంటే నెలకు 3,480. బాలి ఫొటోలు చూసి మనసు పారేసుకున్నారేమో, ఇండోనేషియా ఏడాదికి 60,000 డాలర్లు అడుగుతుంది. మలేషియా ఐటీవాళ్లను ఏడాదికి 24,000 డాలర్లతో సరిపెట్టుకోమంటుంది గానీ మీ 18 లక్షలు దానికీ చాలవు. మిగిలింది థాయ్‌లాండ్. 2024 జులైలో మొదలుపెట్టిన డీటీవీకి (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) ఇంత జీతం ఉండాలన్న గీత లేదు, బ్యాంకులో 5 లక్షల బాత్ (అక్కడి డబ్బు) నిల్వ చూపించాలి. మన డబ్బులో పన్నెండు లక్షలకు పైమాటే. వీసా ఐదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండనిస్తారు. అయితే ఒక క్యాలెండర్ సంవత్సరంలో 180 రోజులు ఉంటే అక్కడ పన్ను నివాసి అవుతారు. బయటి ఆదాయాన్ని ఆ దేశంలోకి తెచ్చుకుంటే దాని మీద పన్ను అడిగే పద్ధతి 2024 నుంచి గట్టిపడింది. వాళ్ల ఏడాది జనవరిలో మొదలవుతుంది, మనది ఏప్రిల్‌లో. రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. అక్కడ కట్టిన పన్నును రెండు దేశాల మధ్య ఉన్న పన్ను ఒప్పందం ప్రకారం ఇక్కడ తగ్గించుకునే వీలుంది, రసీదులు దాచుకోండి.

ఇంత చెప్పాక ఒక ఫిర్యాదు కూడా వినండి. దుబాయి అనగానే మా వీధిలో మొహాలు మారిపోయాయి. ‘చదువుకున్న పిల్ల దుబాయి పోవడమేమిటి?’ అని ఇంటికి వచ్చి మరీ అడిగారు. అమెరికా అయితే స్వీట్లు పంచేవాళ్లు. మా తాత గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఎక్కడెక్కడో ఆనకట్టల పనికి వెళ్లినవాడే. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా తెలుసు. వాళ్ల కష్టం మీద చదువుకున్నవాళ్లమే ఈరోజు గల్ఫ్ పేరెత్తితే చిన్నచూపు చూస్తున్నాం. హెచ్-1బీ కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమని 2025 సెప్టెంబరులో ప్రకటించాక అదే వీధి పెద్దలు ‘దుబాయి వీసా ఎలా వస్తుంది బిడ్డా?’ అని ఫోను చేస్తున్నారు. సరే, ఆ సంగతి వదిలేద్దాం.

విజిట్ వీసా మీద వెళ్లి గదిలో కూర్చుని పని చేసుకుంటే ఎవరికి తెలుస్తుందిలే అనే ఆలోచన మీకు ఈపాటికి వచ్చే ఉంటుంది. మీరు వేరే దేశం నుంచి లాగిన్ అయిన మొదటి రోజే మీ కంపెనీకి తెలుస్తుంది. ఉద్యోగి అక్కడి నుంచి పని చేస్తే తమకూ ఆ దేశంలో పన్ను బాధ్యత వచ్చిపడుతుందని కంపెనీలకు భయం, అది ఉత్త భయమేమీ కాదు. అందుకని ముందు సోమవారం వెళ్లి మీ పై అధికారిని అడగండి: ఏ దేశం నుంచి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పని చేయవచ్చో రాసి సంతకం చేసి ఇస్తారా అని. ఇస్తే ఆ కాగితం పట్టుకుని ఆడిటర్ దగ్గరికి వెళ్లండి. ఇవ్వనంటే పది రోజులు సెలవు పెట్టి, ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలేసి, థాయ్‌లాండ్ చూసి రండి.