విలాస రైలుకు బంగారం కుదువ పెడితే ఆపదకు ఏం మిగులుతుంది?

ప్రశ్న: మాది రాయదుర్గం. జీన్స్ కుట్టే చిన్న యూనిట్ ఉంది. పెళ్లయి ఇరవై అయిదేళ్లవుతోందని గోల్డెన్ చారియట్ రైల్లో బండీపూర్ సఫారీ, హంపీ, పల్లెలు చూడాలనుకుంటున్నాం. ఇద్దరికీ జీఎస్టీతో కలిపి 8.4 లక్షలు చెప్పారు. 6 లక్షలు పర్సనల్ లోన్ (14 శాతం, మూడేళ్లు), మిగతాది బంగారం మీద తెస్తాం. కిస్తీ కట్టగలం. ఇంటి ఖర్చు నెలకు 38,000, మిషన్ల లోన్ కిస్తీ 9,500. బ్యాంకులో 70,000 ఉంది. ముందుకెళ్లొచ్చా?

జవాబు: వద్దండీ, ఈ అప్పు చేయకండి. చిన్న యూనిట్లు నడిపేవాళ్లు చాలామంది చేసే పొరపాటే మీరూ చేస్తున్నారు. బీరువాలో బంగారం ఉంది, ఆపదకు అదే చాలనుకుంటారు. తీరా దాన్నే షికారుకు కుదువ పెడతారు.

మీ లోన్‌కు కిస్తీ సుమారు 20,500. మూడేళ్లలో కట్టేది 7.38 లక్షలు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం ఉంటే, దాని మీద జీఎస్టీతో కలిపి 14,160 ముందే కోస్తారు. చేతికొచ్చేది 5.86 లక్షలే, అంటే టికెట్ దగ్గరే లోటు. ఇప్పుడు తప్పనిసరి ఖర్చు నెలకు 47,500. కొత్త కిస్తీ కలిస్తే 68,000. మీ 70,000 ఒక్క నెలకు సరి. బంగారం వడ్డీ ఇంకా లెక్కలోకే రాలేదు. సరుకు కొన్న బళ్లారి షావుకారు బిల్లు అరవై రోజులు ఆపితే కుట్టేవాళ్లకు వారం కూలీ ఎక్కణ్నుంచి తెస్తారు? సరిగ్గా అక్కడే నూటికి మూడు రూపాయల వడ్డీకి పోతారు. ఏడాదికి అది 36 శాతం! పైగా ప్రయాణం రద్దయినా కిస్తీ ఆగదు.

నెలజీతం లేని ఇంటికి ఆరు నెలల ఖర్చుకు సరిపడే ఆపద నిధి చాలదు, తొమ్మిది నెలలది కావాలి. మీకు 4,27,500. ఉన్నది పోగా లోటు 3,57,500. కట్టగలమన్న ఆ 20,500నే నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. పద్దెనిమిదో నెలకు లోటు పూడుతుంది. ఆ తర్వాత అదే మొత్తాన్ని రైలుకు కూడబెట్టండి.

ఈ ఆపద నిధి యూనిట్ కరెంట్ ఖాతాలో మాత్రం ఉంచొద్దు, గుడ్డ కొనుగోలుకు కరిగిపోతుంది. వేరే బ్యాంకులో ఇద్దరి పేరా ఖాతా తెరిచి, ఎవరైనా తీసుకునేలా రాయించండి. ఒక నెల ఖర్చు సేవింగ్స్‌లో, మిగతాది 50,000 చొప్పున విడివిడి ఎఫ్‌డీలుగా పెట్టండి. ఒకటి మధ్యలో తీసినా మిగతావాటి వడ్డీ చెడదు. చీటీని ఇందులో లెక్కేయకండి. అవసరంలో పాడితే ఎక్కువ వదులుకోవాలి, పాట మీకు కావాల్సిన రోజు రాదు కూడా.

ఆరోగ్య బీమా గురించి మీరు రాయలేదు. లేకపోతే కుటుంబానికి 10 లక్షలది ముందు తీసుకోండి.

అడవి ఈ ఏడాదే చూడాలంటే మైసూరు నుంచి బండీపూర్ సుమారు 80 కిలోమీటర్లు. రైల్లో వెళ్లినా సఫారీకి దక్కేది ఒక పూటే, పులి కనబడుతుందని ఎవరూ హామీ ఇవ్వరు. నల్లమలలో బైర్లూటి, పచ్చర్ల జంగిల్ క్యాంపులూ ఉన్నాయి. హంపీకి మీరు బళ్లారి మీదుగా పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరొచ్చు.

అడ్వాన్స్ ఇప్పటికే కట్టి ఉంటే రద్దు నిబంధనలు ఈరోజే చదవండి. తేదీ దగ్గరపడేకొద్దీ కోత పెరుగుతుంది.