ఏ జావెలినో చెప్పకుండా దూరం రాయకు

విజయనగరం

తమ్ముడూ,

శ్రీకాకుళం నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. చేయి తిరిగింది, సంతోషం. కానీ ఒక్కచోట ముద్ద దిగలేదు. 1984లో తూర్పు జర్మనీ ఆటగాడు ఊవే హోన్ 104.80 మీటర్లు విసిరాడు, 2025లో దోహాలో నీరజ్ చోప్రా 90.23 దగ్గరే ఆగాడు, కాబట్టి ఈ కాలం వాళ్లలో సత్తా తగ్గిందన్నావు. ఇద్దరూ విసిరింది ఒకే జావెలిన్ కాదు కదా!

హోన్ దెబ్బకి మైదానాలు చాలవేమోనన్న భయం పట్టుకుంది. అంతకన్నా తలనొప్పి ఇంకోటుంది. పాత జావెలిన్ గాల్లో తేలుతూ వెళ్లి చాలాసార్లు బల్లపరుపుగా పడేది. మొన ముందు తగిలితేనే త్రో చెల్లుతుంది. తగిలిందా లేదా అన్నదే గొడవ. అందుకే 1986లో పురుషుల జావెలిన్ గరిమనాభిని, అంటే బరువంతా తూగే బిందువుని, 4 సెంటీమీటర్లు ముందుకు జరిపారు. బరువు మాత్రం అదే, 800 గ్రాములు. ఇప్పుడు మొన త్వరగా కిందికి వాలి నేలలో దిగుతుంది, దూరం తగ్గుతుంది. రికార్డులు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టారు. మహిళల జావెలిన్ 1999లో మారింది.

తయారీదారులు ఊరుకుంటారా? తోక వైపు గరుకుగా చేసి, పోయిన దూరంలో కొంత వెనక్కి తెచ్చారు. 1991లో ఫిన్లాండ్ ఆటగాడు సెప్పో రేటీ అలాంటి దానితోనే 96.96 విసిరాడు. ఆ ఏడాదే గరుకు తోకలు నిషేధించి, అతని రికార్డూ రద్దు చేశారు. విసిరిన రోజున చెల్లిన జావెలిన్ తర్వాత చెల్లకుండా పోయింది. నన్నడిగితే నీ వ్యాసానికి అసలు కథ ఇదే. నీరజ్‌ని పోల్చాలంటే 1996లో చెక్ ఆటగాడు జెలెజ్నీ విసిరిన 98.48తో పోల్చు. అది కొత్త నిబంధనల లెక్క.

ఇక మన జిల్లా మీట్‌కి వెళ్లినప్పుడు గ్యాలరీలో కూర్చోకు. అనుమతి అడిగి సెక్టార్ గీత (జావెలిన్ పడాల్సిన చోటుకి హద్దు) బయట నిలబడు. మొన దిగిన గుంట చూడు, జడ్జి ఎర్రజెండా ఎత్తితే ఎందుకో అడుగు. కుర్రాళ్లు విసిరేది 700 గ్రాములదా, 800దా కనుక్కుని రాసుకో. షాట్‌పుట్‌కీ అంతే, గుండు బరువు లేకుండా దూరం అచ్చేస్తే ఎవరికీ పనికిరాదు. వెదురు జావెలిన్‌తో మొదలుపెట్టిన పిల్లలు దొరికితే, లోహానిది చేతికొచ్చాక ఏం మార్చుకోవాల్సి వచ్చిందో వాళ్ల మాటల్లోనే రాయి.

ఆ "సత్తా తగ్గింది" పేరా తీసేసి, మీట్ అయ్యాక మళ్లీ పంపు.

మీ అన్నయ్య