కౌన్సిల్ వద్దన్నా కాలనీలో వైన్ షాపు: తీర్మానం విలువెంత?

ప్రశ్న: మేము హన్మకొండలో ఉంటున్నాం. మా కాలనీ మూలమలుపులో ఒక ఇంటి కింది అంతస్తును అద్దెకు తీసుకుని వైన్ షాపు, దాన్ని ఆనుకుని పర్మిట్ రూం (కొన్న మద్యాన్ని కూర్చుని తాగే గది) పెడుతున్నారు. దగ్గర్లోనే ఒక ప్రైవేటు బడి, పోచమ్మ గుడి, చిన్న నర్సింగ్ హోం ఉన్నాయి. కాలనీవాళ్లమంతా కార్పొరేటర్ గారిని కలిస్తే, అక్కడ దుకాణం వద్దని కౌన్సిల్ సమావేశంలో తీర్మానం చేయించారు. ఎక్సైజ్ వాళ్లు మాత్రం తీర్మానంతో తమకు పని లేదని, లైసెన్సు ఇచ్చేశామని అంటున్నారు. మా అత్తగారి ఊరు ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో ఉంది. అక్కడ గ్రామసభ వద్దంటే మద్యం దుకాణం పెట్టకూడదని చెబుతారు. పల్లెకు ఉన్న అధికారం నగరానికి లేదా? మేమిప్పుడు ఏం చేయాలి?

జవాబు: మద్యం విషయంలో తాడ్వాయి గ్రామసభ మాటకు చట్టం ఇచ్చిన బరువు, 66 డివిజన్లున్న గ్రేటర్ వరంగల్ కౌన్సిల్ మాటకు ఇవ్వలేదు. వినడానికి విడ్డూరంగా ఉన్నా ప్రస్తుత న్యాయస్థితి ఇదే. అయితే తీర్మానం చెల్లదన్నంత మాత్రాన మీకు దారులు మూసుకుపోలేదు. మీరు పట్టుకోవలసిన దారి కౌన్సిల్ హాలులో కాక దుకాణం గుమ్మానికీ బడి గేటుకూ మధ్య ఉంది. అది చెప్పే ముందు, తీర్మానం ఎందుకు నిలబడదో కొంత వివరించాలి.

మద్యం తయారీ, రవాణా, అమ్మకం రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితా 8వ అంశం కిందికి వస్తాయి. ఆ అధికారంతో చేసిన 1968 నాటి ఎక్సైజ్ చట్టమే, రాష్ట్ర విభజన తర్వాత అన్వయించుకున్న రూపంలో, ఇవాళ తెలంగాణలో అమలవుతోంది. ఏ ప్రాంతంలో ఎన్ని దుకాణాలు ఉండాలో నిర్ణయించి జిల్లా గెజిట్‌లో ప్రకటించడం, దరఖాస్తులు తీసుకోవడం, కలెక్టర్ సమక్షంలో డ్రా తీయడం, డ్రాలో పేరు వచ్చిన వ్యక్తి చూపించిన భవనాన్ని పరిశీలించి ఏ-4 లైసెన్సు (మద్యం చిల్లర దుకాణానికి ఇచ్చేది) ఇవ్వడం, ఈ వరుసలో ఎక్కడా మున్సిపల్ కౌన్సిల్ అనుమతి అవసరం లేదు. పట్టణ స్థానిక సంస్థలకు బదలాయించదగిన పనులను చెప్పే పన్నెండో షెడ్యూలులో 18 అంశాలున్నాయి. అందులో కబేళాల నియంత్రణ ఉంది, శ్మశానాల నిర్వహణ ఉంది, మద్యం లేదు. కాబట్టి మీ కౌన్సిల్ చేసిన తీర్మానం చట్టం దృష్టిలో ప్రజాప్రతినిధుల అభిప్రాయమే తప్ప ఎక్సైజ్ శాఖను కట్టిపడేసే ఆదేశం కాదు.

అలాగని దాన్ని చించి పారేయకండి. స్థానికుల అభ్యంతరానికి అది అధికారికమైన రుజువు. మీరు ఇచ్చే వినతిపత్రానికి దాని ధ్రువీకృత ప్రతిని జత చేస్తే, అభ్యంతరాలేవీ మా దృష్టికి రాలేదని అధికారి తర్వాత చెప్పడానికి వీలుండదు. కానీ తీర్మానం ఒక్కదాన్నే ఆధారంగా చూపించి లైసెన్సు రద్దు చేయమని పట్టుబట్టడం వృథా. ఒకవేళ ఒత్తిడికి లొంగి అధికారి రద్దు చేసినా, లైసెన్సుదారు మరుసటి వారమే హైకోర్టు నుంచి స్టే తెచ్చుకోగలడు. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు ఖోడే డిస్టిలరీస్ కేసులో 1994లోనే స్పష్టం చేసింది. అయినా, ఒకసారి ఇచ్చిన లైసెన్సును రద్దు చేయాలన్నా, తాత్కాలికంగా నిలిపివేయాలన్నా ఎక్సైజ్ చట్టంలోని 31వ సెక్షన్ ప్రకారం కారణం చూపాలి, నోటీసు ఇవ్వాలి, అవతలి పక్షం వాదన వినాలి. 2025-27 కాలానికి ఒక్కో దరఖాస్తుకే తిరిగిరాని రుసుము 3 లక్షల రూపాయలు. ఆపై దుకాణం ఉన్న ప్రాంత జనాభాను బట్టి ఏడాదికి 50 లక్షల నుంచి కోటీ 10 లక్షల వరకు ఎక్సైజ్ పన్ను. అంత సొమ్ము పెట్టినవాడు చిన్న లొసుగు దొరికినా వదలడు.

ఇక మీకు నిజంగా అక్కరకు వచ్చే నిబంధన దూరానికి సంబంధించినది. ప్రార్థనా స్థలం, విద్యాసంస్థ, ఆసుపత్రి, వీటికి 100 మీటర్ల లోపల ఏ-4 దుకాణం ఉండకూడదని రిటైల్ దుకాణాల లైసెన్సు నిబంధనలు చెబుతున్నాయి. మీ ఉత్తరంలో మూడూ ఉన్నాయి కనుక కేసు గెలిచినట్టేనని అనుకోవద్దు. ఈ మూడు మాటలకూ ఆ నిబంధనల్లోనే నిర్వచనాలున్నాయి, అవి మనం వాడుకలో అనుకునేంత విశాలమైనవి కావు. గుడి అంటే దేవాదాయ శాఖలో నమోదైన గుడి, మసీదు అంటే వక్ఫ్ బోర్డులో నమోదైనది. వేపచెట్టు కింద తరతరాలుగా బోనాలందుకుంటున్న పోచమ్మ తల్లి గుడి ఆ రిజిస్టరులో లేకపోతే, ఆషాఢంలో వాడంతా అక్కడికి కదిలినా సరే, నిబంధన దాన్ని గుర్తించదు. నా అభిప్రాయంలో తెలంగాణ పల్లెల, వాడల గ్రామదేవతలకు ఇది అన్యాయమే. కానీ నిబంధన మారనంత వరకు ఆ వాదన మీద కేసు నిలబెట్టలేం. ప్రైవేటు ఆసుపత్రి అయితే కనీసం 30 పడకల సదుపాయం ఉండాలి. మీరు చెప్పిన చిన్న నర్సింగ్ హోం ఇక్కడే జారిపోయే ప్రమాదముంది. బడి విషయంలో ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. ఎల్‌కేజీ, యూకేజీలు మాత్రమే నడిపే ప్లే స్కూలు అయితే కష్టం. గుర్తింపు ఉన్న ప్రాథమిక పాఠశాల అయితే మీ చేతిలో గట్టి ఆధారం ఉన్నట్టే. కాబట్టి ముందు బడి యాజమాన్యాన్ని కలిసి విద్యాశాఖ ఇచ్చిన గుర్తింపు ఉత్తర్వు ప్రతి తీసుకోండి. గుర్తింపు గడువు తీరిపోయి, పునరుద్ధరణ పెండింగులో ఉంటే, అవతలి వకీలు మొదట ఎత్తి చూపేది దాన్నే.

దూరాన్ని కొలిచే పద్ధతి ఇంకా ముఖ్యం. కక్షిదారులు చాలామంది ఫోన్‌లో మ్యాపు తెరిచి రెండు చుక్కల మధ్య సరళరేఖ గీసి, డెబ్బై మీటర్లే ఉందని తెస్తారు. నిబంధన అలా కొలవమనలేదు. దుకాణం ప్రవేశద్వారం మధ్య బిందువు నుంచి, మనిషి మామూలుగా నడిచి వెళ్లే దగ్గరి దారి వెంట, బడికి ప్రహరీ ఉంటే దాని దగ్గరి గేటు మధ్య బిందువు వరకు, ప్రహరీ లేకపోతే భవనపు దగ్గరి ద్వారం వరకు కొలవాలి. గోడ దూకే దారి, పక్కవారి స్థలంలోంచి అడ్డంగా పోయే దారి లెక్కలోకి రావు. అసలు పేచీ అంతా గేట్ల దగ్గరే వస్తుంది. మూలమలుపు భవనం కనుక మీ దుకాణానికి రెండు వీధుల వైపూ షట్టర్లు ఉండే అవకాశముంది. లైసెన్సు కోసం ఇచ్చిన ప్లానులో బడికి దూరంగా ఉన్న షట్టరును ప్రవేశద్వారంగా చూపించి, అమ్మకం మాత్రం ఇవతలి కౌంటరులోంచి సాగించడం కొత్తేమీ కాదు. అలాగే బడికి వెనుక గేటు ఉండి, పిల్లలు రోజూ దానిలోంచి వచ్చిపోతూ ఉంటే, అధికారి ముందు గేటు వరకే కొలిచాడేమో చూడండి. నడిచే దారి ముందు గేటు వరకు 120 మీటర్లు, వెనుక గేటు వరకు 85 మీటర్లు ఉంటే, మీ కేసు ఆ వెనుక గేటు మీదే ఆధారపడుతుంది. ఉదయం బడి గంట కొట్టే వేళకు పిల్లలు ఆ గేటులోంచి లోపలికి వెళ్తున్న ఫొటోలు, తేదీ పడేలా, నాలుగైదు వేర్వేరు రోజులవి తీసి పెట్టుకోండి.

అధికారి తయారుచేసిన కొలతల పంచనామా, స్కెచ్, ఆమోదించిన ప్లాను, దుకాణం గెజిట్‌లో ఏ ప్రాంతానికి ప్రకటితమైందో చూపే పుట, ఇవన్నీ సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగండి. జిల్లా ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారి 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు ఉంది. ఆ కాగితాల కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, ఈలోగానే ఇరుపక్షాల సమక్షంలో మళ్లీ కొలిపించమని లిఖితపూర్వకంగా కోరి, రసీదు తీసుకోండి. నోటిమాటగా వెళ్లి కలిస్తే అది రికార్డులో ఉండదు. ఇది వేరే చోటి నుంచి మార్చుకొచ్చిన దుకాణమైతే, ఆ మార్పుకు శాఖ ముందస్తు అనుమతి ఉందా అన్నది కూడా అదే దరఖాస్తులో అడగవచ్చు.

జాతీయ రహదారికి 500 మీటర్ల లోపల మద్యం దుకాణాలు ఉండకూడదన్న సుప్రీంకోర్టు తీర్పును కూడా మీ కాలనీలో ఎవరో ఒకరు ప్రస్తావించే ఉంటారు. 2016 డిసెంబరు 15న వచ్చిన ఆ తీర్పును, 20 వేలు అంతకంటే తక్కువ జనాభా ఉన్న స్థానిక సంస్థల విషయంలో 220 మీటర్లకు సడలించారు. 2017 జులై 11న మున్సిపల్ పరిధిలోని లైసెన్సు దుకాణాలకు అది అడ్డు కాదని కోర్టే వివరణ ఇచ్చింది. నగరం మధ్యనుంచి 163వ నంబరు జాతీయ రహదారి పోతున్నా, కార్పొరేషన్ హద్దుల్లో ఆ వాదన పనికిరాదు.

కౌన్సిల్‌కు మద్యం మీద అధికారం లేకపోయినా, భవనం మీద కార్పొరేషన్‌కు అధికారం ఉంది. మీ కార్పొరేటర్ గారి శ్రమ తీర్మానం మీద కంటే దీని మీద పెట్టి ఉంటే ఎక్కువ ఫలితం ఉండేది. ఆ ఇంటికి నివాస భవనంగా అనుమతి తీసుకుని, కింది అంతస్తును వ్యాపారానికి వాడుతున్నారా? ఆ స్థలం మాస్టర్ ప్లానులో ఏ జోన్‌లో ఉంది? పార్కింగుకు చూపించిన స్థలంలో పర్మిట్ రూం కట్టారా? రేకుల షెడ్డు సెట్‌బ్యాక్‌లోకి (భవనం చుట్టూ ఖాళీగా వదలాల్సిన స్థలంలోకి) చొచ్చుకు వచ్చిందా? 2012 నాటి భవన నిర్మాణ నియమాలకు, ఆమోదించిన ప్లానుకు విరుద్ధంగా ఉంటే, 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం కింద నోటీసు ఇచ్చి చర్య తీసుకోవలసింది కమిషనర్. ట్రేడ్ లైసెన్సు ఇచ్చేదీ ఆయనే. అయితే, అది మద్యం దుకాణం కనుక ట్రేడ్ లైసెన్సు ఇవ్వను అని ఆయన రాస్తే చెల్లదు. భవనంలో లోపం, పారిశుధ్యంలో లోపం వంటి కారణాలు చూపిస్తేనే నిలబడుతుంది. టౌన్ ప్లానింగ్ విభాగానికి మీరిచ్చే ఫిర్యాదులో మద్యం అన్న మాట అసలు లేకున్నా నష్టం లేదు. ఆమోదిత ప్లాను ప్రతి, ఇప్పటి నిర్మాణం ఫొటోలు జత చేసి, తేడా ఎక్కడో చూపిస్తే చాలు.

దుకాణం తెరిచాక పర్మిట్ రూం వల్ల కలిగే బాధ వేరే. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నివాస ప్రాంతంలో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. రాత్రిపూట పాటలు పెడితే, తాగినవాళ్లు మీ గేటు ముందు అరుగుల మీద కూర్చుంటే, 100కు లేదా 112కు ఫోన్ చేసిన ప్రతిసారీ తేదీ, సమయం రాసిపెట్టుకోండి. 21 ఏళ్లు నిండనివారికి అమ్మడం, సమయం దాటాక షట్టరు సగం దించి అమ్మడం లైసెన్సు షరతుల ఉల్లంఘన కనుక, ఆ వీడియోలను ఎక్సైజ్ శాఖకు ఫిర్యాదుతో పాటు ఇవ్వండి. 31వ సెక్షన్ కింద చర్యకు అవి పనికొస్తాయి. ప్రజలకు ఇబ్బంది కలిగించే దాన్ని తొలగించమని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటును కోరే అవకాశం కూడా ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 133వ సెక్షన్.

హైకోర్టుకు ఎప్పుడు వెళ్లాలి? షట్టరు ఎత్తకముందే వెళ్లగలిగితే మంచిది. ఆరు నెలలు వ్యాపారం సాగాక వెళితే, ఇంతకాలం ఏం చేశారని కోర్టు అడుగుతుంది. రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ వేసేటప్పుడు లైసెన్సుదారును తప్పక ప్రతివాదిగా చేర్చాలి. కొలతల మీద వివాదం ఉంటే హైకోర్టు సాధారణంగా తానే తేల్చదు. మీ వినతిని ఫలానా వారాల్లో పరిశీలించి, కారణాలతో ఉత్తర్వు ఇవ్వమని అధికారిని ఆదేశిస్తుంది. చాలామంది దాన్ని ఓటమిగా తీసుకుని నిరుత్సాహపడతారు. కారణాలతో కూడిన లిఖిత ఉత్తర్వు వస్తే దాన్ని మళ్లీ సవాలు చేయవచ్చు. ఇవాళ మీకు దొరుకుతున్న “ఇచ్చేశాం పొండి” అన్న జవాబును సవాలు చేయడం కష్టం. మీ వినతిపత్రంలో బడి గుర్తింపు ఉత్తర్వు, నడక దూరం కొలత, ఫొటోలు లేకపోతే ఆ ఆదేశం వచ్చినా మీకు ఒరిగేది తక్కువ.

ఇప్పుడు మీ అత్తగారి ఊరి సంగతి. ఊరు ఏదైనా సరే గ్రామసభకు ఈ హక్కు ఉందనుకోవడం పొరపాటు. పరకాల దగ్గరి పల్లెలోనో జగిత్యాల దగ్గరి పల్లెలోనో పంచాయతీ తీర్మానించినా దాని బలం మీ కౌన్సిల్ తీర్మానం పాటిదే. ఇక గ్రామాభివృద్ధి కమిటీలు బెల్టు షాపులకు (లైసెన్సు లేకుండా ఊళ్లో మద్యం అమ్మే దుకాణాలకు) వేలం పాడటం, ఎదురుచెప్పిన వారికి జరిమానాలు వేయడం ఏ చట్టం కిందా చెల్లవు. లైసెన్సు లేని అమ్మకం ఎక్సైజ్ చట్టం 34వ సెక్షన్ కింద నేరం. వేలంలో డబ్బు గుడికి వెళ్లినా అది నేరమే. తాడ్వాయి పరిస్థితి వేరు, ఎందుకంటే అది రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింది ఏజెన్సీ, అంటే గిరిజనుల కోసం ప్రత్యేకంగా ప్రకటించిన షెడ్యూల్డ్ ప్రాంతం. 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం (పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించే చట్టం), 4వ సెక్షన్ ‘ఎం’ క్లాజులో, మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే లేదా నియంత్రించే అధికారం షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకూ గ్రామసభకూ ఉండేలా చూడాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ బలం ఊరికి రావాలంటే రెవెన్యూ గ్రామం పేరు షెడ్యూల్డ్ ప్రాంతాల జాబితాలో ఉండాలి. మండలం పేరు చూసి తేల్చుకోకూడదు. పొరుగునే ఉన్న మంగపేట మండలంలో 23 గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతమా కాదా అన్న వివాదం దశాబ్దాల పాటు నడిచి, 2023లో హైకోర్టులో గిరిజనుల పక్షాన తేలింది. మీ అత్తగారి ఊరు జాబితాలో ఉంటే, గ్రామసభకు ముందుగా నోటీసు ఇచ్చి, కోరం చూసుకుని, హాజరైన వారి సంతకాలతో తీర్మానం రాయించి, ఇప్పటి లైసెన్సుల గడువు ముగిసే 2027 నవంబరు 30 కంటే చాలా ముందే, అంటే తర్వాతి గెజిట్ ప్రకటన వెలువడకముందే, కలెక్టర్‌కు, జిల్లా ఎక్సైజ్ అధికారికి, ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపించమని చెప్పండి.